బిజినెస్ నంబర్‌కు కాలర్ ఐడీ పేరు: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

అమెరికాలో చిన్న ట్యాక్స్ ఆఫీసు నడుపుతున్నాను. మా ఆఫీసు నంబర్‌కు కాలర్ ఐడీ పేరు (అంటే మేం కాల్ చేస్తే అవతలి ఫోన్‌లో కనిపించే పేరు, ఇక్కడి ఫోన్ కంపెనీలు సీనామ్ అంటాయి) పెట్టించి కొన్నేళ్లు దాటింది. మీ కస్టమర్లలో ల్యాండ్‌లైన్ వాడేవాళ్లు చాలామంది ఉంటే తప్పకుండా పెట్టించుకోండి. అందరూ సెల్‌ఫోన్ల మీదే ఉంటే దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఇక్కడ మనం కాల్ చేస్తే మామూలుగా వెళ్లేది నంబర్ ఒక్కటే, పేరు వెళ్లదు. అవతలివాళ్ల ఫోన్ కంపెనీ ఆ నంబర్‌ను ఒక డేటాబేస్‌లో వెతికి, దొరికిన పేరు చూపిస్తుంది. ల్యాండ్‌లైన్‌లో అది మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య వస్తుంది. అందుకే మా పెద్దవయసు క్లయింట్లు కొందరు రెండో రింగు దాకా ఆగి, పేరు చూసుకుని ఎత్తుతారు. పక్కనున్న కెనడాలో పద్ధతి వేరు, అక్కడ పేరు కాల్‌తో పాటే వెళ్తుంది. ఇక్కడ అందరికీ కలిపి ఒకే డేటాబేస్ లేదు, పైగా కొన్ని కంపెనీలు ఒకసారి తెచ్చుకున్న పేరునే దాచుకుని వాడుకుంటాయి. మేం పేరు మార్చినప్పుడు ఒక క్లయింటుకు నాలుగు రోజుల్లోనే కొత్త పేరు కనిపిస్తే, ఇంకొకరికి వారాల తరబడి పాతదే కనిపించింది. మా ఫోన్ కంపెనీకి ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు, ఎందుకంటే ఆ పాత పేరు ఉన్నది వాళ్ల దగ్గర కాదు.

పేరుకు దొరికేది ఖాళీలతో కలిపి 15 ఇంగ్లిష్ అక్షరాలే. మా పేరులో మొదటి పదానికి ఏడు అక్షరాలు, ఒక ఖాళీ, తర్వాత ‘ట్యాక్స్’కు మూడు, మళ్లీ ఖాళీ. అక్కడికే 12 అయిపోయాయి. మిగిలిన మూడింటిలో ‘సర్వీసెస్’ కాస్తా ‘సర్’ దగ్గర తెగిపోయింది. చూడ్డానికి ఎవరో దొంగ కాల్ చేస్తున్నట్టుంది. చివరి పదం తీసేయించాకే బాగుపడింది. మీరైతే పేరు ఇచ్చే ముందే అక్షరాలు లెక్కపెట్టుకోండి.

ఇక సెల్‌ఫోన్ల సంగతి. చాలా ప్లాన్లలో ఈ పేరు వెతకనే వెతకరు. నంబర్, దాని కింద ఊరు, రాష్ట్రం, అంతే. కస్టమర్ మన నంబర్‌ను సేవ్ చేసుకుంటే మాత్రం ఏ డేటాబేస్‌తోనూ పని లేదు, వాళ్లు రాసుకున్న పేరే వస్తుంది. అందుకే కొత్త క్లయింటు ఆఫీసులో కూర్చుని ఉండగానే నంబర్ సేవ్ చేయించడం అలవాటు చేశాం. నేను చూసినంతలో అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే.

అసలు టెన్షన్ స్పామ్ ముద్రతో వచ్చింది. ఫైలింగ్ గడువు దగ్గరపడిందని, కాగితాలు పంపమంటూ వరసగా కాల్స్ చేశాం. కొందరి సెల్‌ఫోన్లలో మా నంబర్ స్పామ్ అని పడింది. సీనామ్‌లో పేరు సరిగ్గానే ఉంది, అయినా ఉపయోగం లేకపోయింది, ఎందుకంటే ఆ ముద్ర వేసే వ్యవస్థే వేరు. అది కాల్స్ తీరు, వాటి మీద వచ్చే ఫిర్యాదులు చూసి లెక్క కడుతుంది. సెల్ కంపెనీల తరఫున ఈ లెక్కలు కట్టే ఫస్ట్ ఓరియన్, హియా, టీఎన్ఎస్ అనే మూడు సంస్థలకు ఒకేసారి మన నంబర్ వివరాలు పంపే ఫ్రీ కాలర్ రిజిస్ట్రీ ఉంది. అందులో నమోదు చేశాం, కాల్స్‌ను రోజంతా కాస్త కాస్తగా సర్దాం. మెల్లగా ముద్ర పోయింది.

2021 జూన్ 30 నుంచి పెద్ద కంపెనీలకు తప్పనిసరి చేసిన స్టర్ షేకెన్‌ను (నంబర్ దొంగదా కాదా అని ఫోన్ కంపెనీలు సరిచూసే పద్ధతి) కూడా చాలామంది దీనితో కలిపేస్తారు. అందులో ఏ, బీ, సీ అని మూడు స్థాయిలు. ఏ అంటే కాల్ చేసిన కస్టమర్ ఎవరో, కంపెనీకి తెలుసని, ఆ నంబర్ వాడే హక్కు వాళ్లకు ఉందని కూడా తెలుసని అర్థం. పేరు నిజమా కాదా అన్నది అందులో లేదు. లోగో, కాల్ చేస్తున్న కారణం కూడా చూపించే బ్రాండెడ్ కాలింగ్ వచ్చింది కానీ, దానికి విడిగా డబ్బు కట్టాలి. మా స్థాయి ఆఫీసుకు అది అనవసరం.

ఫోన్ కంపెనీ మారేవాళ్లకు ఒక్క మాట. నంబర్ మీతో వస్తుంది కానీ, దానితో పాటు పేరు కూడా వచ్చేస్తుందనుకోవద్దు. కొత్త కంపెనీతో మళ్లీ నమోదు చేయించి, వారం తర్వాత వేర్వేరు కంపెనీల ఫోన్లకు, వాటిలో ఒక ల్యాండ్‌లైన్‌కు కూడా, మీరే కాల్ చేసి ఏం కనిపిస్తోందో చూసుకోండి.