తుంటి కీలు మార్పిడి: లోపల ఏం పెట్టారో కాగితం మీద లేని బిల్లుతో జాగ్రత్త

"ఇంపోర్టెడ్ ఇంప్లాంట్ - ఒక సెట్" అని ఒక్క లైనులో తేల్చేసిన బిల్లు చేతికొస్తే డబ్బు కట్టే ముందు ఆగండి. తుంటి మార్పిడిలో మోసమైనా, పొరపాటైనా దాక్కునేది ఆ లైనులోనే. ఏ కంపెనీదో, ఏ మోడలో, మాట్లాడుకున్నదే వేశారో లేదో దాన్నిబట్టి చెప్పలేం. కొన్నేళ్ల తర్వాత నొప్పి తిరగబెట్టి ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్తే ఆయనకీ తెలియదు.

పూర్తి మార్పిడిలో ఒంట్లోకి వెళ్లే భాగాలు నాలుగు. కటి ఎముక గుంతలో కూర్చునే లోహపు కప్పు, దాని లోపల బంతి తిరిగే పొర (లైనర్), తొడ ఎముక లోపలికి దిగే స్టెమ్, దాని కొన మీద బిగించే బంతి. సిమెంటుతో అతికించే ప్లాస్టిక్ కప్పు అయితే కప్పూ లైనరూ ఒకటే కాబట్టి మూడే ఉంటాయి. స్క్రూలు, సిమెంట్ ప్యాకెట్లు వేరే. ప్రతి పెట్టెలోనూ అంటించుకునే స్టిక్కర్లు అదనంగా వస్తాయి. వాటి మీద కంపెనీ పేరు, రెఫ్ నంబరు (కంపెనీ ఆ భాగానికి ఇచ్చిన కేటలాగ్ నంబరు), లాట్ లేదా సీరియల్ నంబరు, సైజు, గడువు తేదీ ఉంటాయి. ఒక వరస కేస్ షీటుకి వెళ్తుంది, రెండో వరస మీది. డిశ్చార్జ్ సమ్మరీకి అంటించి ఇవ్వమని ఆపరేషన్‌కి ముందే చెప్పండి. తర్వాత అడిగితే "రికార్డ్ రూమ్‌లో ఉంది" అన్న జవాబే ఎక్కువ వినిపిస్తుంది.

స్టిక్కర్లు వచ్చాక చదవండి, ఊరికే లెక్కపెట్టి వదిలేయకండి. కటి గుంతని అలాగే వదిలి బంతి వైపు మాత్రమే మార్చే సగం మార్పిడిని పూర్తి మార్పిడిగా రాసే అవకాశం ఇక్కడే ఉంది. బైపోలార్ రకంలో స్టెమ్, లోపలి బంతి, బయటి డిప్ప అని మూడు భాగాలు ఉంటాయి కాబట్టి స్టిక్కర్ల సంఖ్య చూస్తే నిజమేననిపిస్తుంది. ఎక్స్‌రేలో ఆ బయటి డిప్ప అచ్చం కప్పులాగే కనిపిస్తుంది. కానీ అది ఎముకకి బిగించింది కాదు, గుంతలో తిరుగుతూ ఉంటుంది. స్టిక్కర్ మీద "బైపోలార్" అనే మాట ఉందో, "ఎసిటాబ్యులర్ కప్" లేదా "ఎసిటాబ్యులర్ షెల్" (కటి గుంతలో బిగించే కప్పు) అని ఉందో చూస్తే తేలిపోతుంది.

సగం మార్పిడి చెడ్డదేమీ కాదు. తొడ ఎముక మెడ విరిగి ముక్కలు పక్కకి జరిగిన, బాగా బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకి అదే సరైనది కావచ్చు. పడక ముందు ఒక్క కర్ర సాయంతోనైనా బయట తిరిగిన, మతి బాగున్న, ఆపరేషన్ తట్టుకోగల మనిషికి మాత్రం పూర్తి మార్పిడి గురించి అడగాలి. ఇక ఆర్థరైటిస్‌కి సగం మార్పిడి చేస్తామంటే ఒప్పుకోకండి. అరిగిన మృదులాస్థి గుంత వైపు కూడా ఉంటుంది, లోహపు బంతి దాన్ని రాపాడుతుంటే నొప్పి పోదు. సగం మార్పిడికి వాడే ఆస్టిన్ మూర్, థాంప్సన్ అనే పాత స్టెమ్‌లు ఇంకా చవకగా దొరుకుతాయి. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మార్గదర్శకాలు వాటిని వద్దని, నిరూపితమైన డిజైన్‌నే, అదీ సిమెంటుతో, వాడమని చెబుతాయి. విరిగింది మెడ దగ్గర కాకుండా కాస్త కింద, ట్రోకాంటర్ల (తొడ ఎముక పైభాగంలోని రెండు ఉబ్బుల) మధ్య అయితే మామూలుగా రాడ్డుతోనో ప్లేటు-స్క్రూతోనో బిగిస్తారు. అక్కడా కీలు మార్పిడే అంటే ఎందుకో వివరంగా చెప్పించుకోండి, రెండో సర్జన్‌కి ఎక్స్‌రే ఫిల్మ్ చూపించండి. అయితే ఆ పేరుతో రోజులు గడపకూడదు. విరిగిన తుంటికి ఆపరేషన్ చేర్చిన రోజో మర్నాడో జరగాలి. ఇంప్లాంట్ ఇంకా రాలేదనో, ప్యాకేజీ మంజూరు కాలేదనో మంచం మీద ఉంచితే న్యుమోనియా, పుండ్లు, రక్తం గడ్డలు మొదలవుతాయి.

"జీవితాంతం గ్యారంటీ" అనే మాటకి విలువ ఇవ్వకండి. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం 25 ఏళ్లు నిలిచే తుంటి కీళ్లు సుమారు 58 శాతం. కొత్త మోడల్ అంటే మెరుగైనది అనుకోవడానికీ లేదు. లోహం మీద లోహం తిరిగే ఏఎస్‌ఆర్ తుంటిని కూడా కొత్తదనంతోనే అమ్మారు. దాదాపు 93,000 మందికి వేశాక 2010 ఆగస్టులో డీపూయ్ కంపెనీ వెనక్కి తీసుకుంది. రాపిడికి కోబాల్ట్, క్రోమియం రక్తంలో చేరి, కొందరికి కీలు చుట్టూ కండ చచ్చిపోయింది. మోడల్ పేరు తెలిస్తే ఓడీఈపీ (ఇంప్లాంట్లకి ఎంత ఆధారం ఉందో చూసి రేటింగ్ ఇచ్చే బ్రిటన్ బృందం) రేటింగ్ వెతకండి. 10ఏ, 13ఏ లాంటి వాటిలో అంకె ఎన్నేళ్ల ఆధారం ఉందో చెబుతుంది. పదేళ్లలో మళ్లీ మార్చాల్సి వచ్చినవి 5 శాతం మించకూడదన్నది నైస్ పెట్టిన హద్దు.

లైనర్ విషయంలో అడగాల్సింది క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్ (త్వరగా అరగకుండా గట్టిపరిచిన ప్లాస్టిక్) అవునా కాదా అని. మామూలు ప్లాస్టిక్ త్వరగా అరుగుతుంది, ఆ పొడికి చుట్టూ ఎముక కరుగుతుంది, కీలు వదులవుతుంది. నిల్వ కూడా ముఖ్యమే. ప్లాస్టిక్‌కి ఆక్సిజన్ తగిలితే పెళుసవుతుంది. 2022లో ఎగ్జాక్‌టెక్ కంపెనీ తన లైనర్లను వెనక్కి తీసుకున్నది ప్యాకింగ్ సంచిలో ఆక్సిజన్‌ని అడ్డుకునే ఒక పొర లేనందుకే. గడువు తేదీ చూడమనేది ఉత్త చాదస్తం కాదు.

అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది వేర్వేరు కంపెనీల భాగాలు కలిపేయడం. స్టెమ్ కొన (బంతి కూర్చునే, సన్నబడే భాగం) 12/14 టేపర్ అని రాసి ఉంటే ఏ బంతైనా సరిపోతుందని సరఫరాదారులు అంటారు. ఆ పేరు ఒకటే గానీ కోణం, పొడవు, ఉపరితలం కంపెనీని బట్టి మారతాయి. సరిగా కూర్చోకపోతే లోహపు బంతి దగ్గర తుప్పు, సెరామిక్ బంతి అయితే పగులు. స్టెమ్, బంతి ఒకే కంపెనీవి ఉండాలి. బంతి 32 మిల్లీమీటర్లయితే లైనర్ లోపలి కొలత కూడా 32 ఉండాలి. ఈ రెండూ స్టిక్కర్ల మీదే కనిపిస్తాయి.

ఇంటికొచ్చాక గాయం నుంచి తడి ఐదారు రోజులు దాటినా ఆగకపోతే "యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోండి, తగ్గిపోతుంది" అంటే వినకండి. లోతు ఇన్ఫెక్షన్‌ని మాత్రలు కప్పిపెడతాయి. మొదటి వారాల్లో లోపల కడిగి లైనర్, బంతి మారిస్తే దక్కే కీలు, ఆలస్యమైతే మొత్తం తీయాల్సి రావచ్చు. మాత్ర మొదలుపెట్టక ముందే ఆపరేషన్ చేసిన సర్జన్‌కి గాయం చూపించండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు కూడా డిశ్చార్జ్‌తో ఆగిపోకూడదు. రివరాక్సబాన్ అయితే రోజుకి 10 మిల్లీగ్రాములు, 35 రోజులు.

రివిజన్ (వేసిన కీలుని మళ్లీ మార్చే ఆపరేషన్) దాకా వస్తే, తీసిన భాగాలు పారేయకుండా లేబుల్ వేసి భద్రపరచమని ఆపరేషన్‌కి ముందే రాసి ఇచ్చి, ఆ కాగితం మీద అందినట్టు సంతకం తీసుకోండి. సెరామిక్ పగిలిన కేసు అయితే కొత్తగా లోహపు బంతి వేయనివ్వకండి. లోపల మిగిలిపోయిన సెరామిక్ నలకలు దాన్ని త్వరగా అరగదీస్తాయి. మళ్లీ సెరామిక్ బంతే వేయాలి. పాత స్టెమ్ ఉంచేస్తే దాని మీద టైటానియం స్లీవ్ (స్టెమ్ కొనకీ బంతికీ మధ్య తొడుగు) ఉన్న బంతి అడగండి.