లేట్ 143, ఎర్లీ 2: రెండేళ్ళు ఫైగ్రోస్ ఆడాక

ఫైగ్రోస్ ఫోన్‌లో ఆడే సంగీతం గేమ్. దాని గురించి తెలిసినవాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. గీత తిరుగుతుంది, వంగుతుంది, ఒక్కోసారి మాయమవుతుంది; పాట దరువుకి తగ్గట్టు దాని మీద నోటు, అంటే ఒక చిన్న పట్టీ, వాలే క్షణానికి వేలు పడాలి. పైసా అడగదు, ప్రకటనలు రావు, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. మొదటి ఆరు నెలలూ ఈ మూడు మాటలే చెప్పి ఆఫీసులో నలుగురి ఫోన్లలో ఎక్కించాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే వాటి జోలికి తర్వాత వెళ్తున్నాను. ముందు సెట్టింగ్స్‌లో డిలే, అంటే నోట్లు ఎంత ఆగి వాలాలో మార్చుకునేది, ఎక్కడుందో చూపిస్తున్నాను.

పోయిన ఏడాది పాత ఫోన్ పోయింది. కొత్తదానికి ఇయర్‌ఫోన్ పిన్ను గుచ్చే చోటే లేదు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కొన్నాను. ఏ కంపెనీవో ఎందుకులెండి, పాటలు వినడానికీ ఫోన్ మాట్లాడటానికీ ఇప్పటికీ వంక పెట్టలేను. మర్నాడు మియాపూర్‌లో మెట్రో ఎక్కి, నాకు ఎప్పుడూ ‘వి’ వచ్చే పాట పెట్టాను. మొత్తం పది లక్షల స్కోరులో 9,60,000 దాటితే ‘వి’ గ్రేడు ఇస్తాడు. నాకు 8,40,000 వచ్చింది. ‘బి’. రైలు కుదుపులే అనుకున్నాను. రాత్రి మంచం మీద కూర్చుని ఆడినా అదే ‘బి’.

ఆ తర్వాత మూడు వారాలు నేను చేయని పిచ్చిపని లేదు. స్క్రీన్ గార్డ్ పీకేశాను. వేళ్ళకి పౌడర్ రాసుకున్నాను. కష్టమైన ఐఎన్ లెవెల్ నుంచి దానికన్నా తేలికైన హెచ్‌డీకి దిగిపోయాను. ముప్పై అయిదు దాటాయి కదా, వేళ్ళు ఇంక ఇంతేనేమో అని ఒక రాత్రి నిజంగానే దిగులుపడ్డాను. పాట అయ్యాక స్కోరు పక్కన చిన్న అక్షరాలతో ‘లేట్ 143, ఎర్లీ 2’ అని, అంటే ఆలస్యంగా కొట్టినవి 143, తొందరపడి కొట్టినవి 2 అని కనిపిస్తూనే ఉంది. చేతగానివాణ్ణి వెక్కిరిస్తోంది అనుకున్నానే తప్ప, తప్పులన్నీ ఒకే వైపుకి ఎందుకు ఉన్నాయని ఆలోచించలేదు.

సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊరు వెళ్ళాను. మా నాన్న ధనుర్మాసం భజనలో ముప్పై ఏళ్ళుగా తాళాలు వేస్తున్న మనిషి. అరుగు మీద నేను ఆడుతుంటే వచ్చి కూర్చుని, ఏముందిరా అందులో అని ఒక బడ్ లాక్కుని చెవిలో పెట్టుకున్నాడు. నిమిషం కూడా చూడలేదు.

“ఒరేయ్, అది గీత మీద వాలాక దరువు వస్తోందేంట్రా?”

“అంటే?”

“నువ్వు కాదురా వెనకబడింది, పాట. నగర సంకీర్తనలో వెనకవరస వాళ్ళకి ఇదే రోగం. ముందు బండి మీద మైకు వింటూ కొడితే తాళం పోతుంది. అందుకే ముందువాడి చెయ్యి చూసి కొట్టమంటాం.”

అప్పుడు వెలిగింది. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి పంపి, చెవి దగ్గర మళ్ళీ విప్పాలి. దానికి కొంత సమయం పడుతుంది. నా బడ్స్‌కి అది 170 మిల్లీసెకన్ల దాకా ఉందని తర్వాత తేలింది. సినిమా చూస్తే ఇది తెలియదు, చాలా యాప్‌లు బొమ్మని కూడా ఆ మేరకు ఆపుతాయి. ఇక్కడ మాత్రం పర్ఫెక్ట్ కావాలంటే అటూ ఇటూ 80 మిల్లీసెకన్లే గడువు. నిమిషానికి 180 దరువులున్న పాటలో 170 అంటే సగం దరువు. కళ్ళు ఒకటి చెబుతుంటే చెవులు ఇంకొకటి చెబుతున్నాయి, నా వేళ్ళు పాపం రెంటికీ మధ్యలో పడుతున్నాయి.

నాన్న చెప్పినట్టు కళ్ళతోనే ఆడొచ్చు. కానీ పాట వినకుండా ఆడేదానికి సంగీతం గేమ్ ఎందుకు? డిలేని మెల్లగా పెంచుతూ పోతే 170 దగ్గర దరువూ గీతా కలిశాయి. ఇప్పుడు పాట వచ్చేదాకా నోట్లు ఆగుతాయి. అదే పాట మళ్ళీ ఆడితే 9,71,000! వంటింట్లో అరిసెలు నొక్కుతున్న అమ్మ ఏమైందని బయటికి వచ్చింది.

అయితే దీనితో అంతా అయిపోలేదు. వేలు తగలగానే వచ్చే ‘టక్’ చప్పుడు ఇప్పటికీ ఆలస్యంగానే వస్తుంది. వేలు ఎప్పుడు పడుతుందో గేమ్‌కి ముందే తెలియదు కదా, దాన్ని ఏ సెట్టింగూ సరిచేయలేదు. ఆ చప్పుడు వాల్యూమ్ సున్నా చేసేశాను. ఆటలో సగం సరదా అక్కడే పోయింది. స్పీకర్‌కి మారితే డిలే వెనక్కి తేవాలి. ఒకసారి మర్చిపోతే అన్నీ ఎర్లీలే. చివరికి టైప్-సి వైరు ఇయర్‌ఫోన్స్ నాలుగు వందల యాభై పెట్టి కొన్నాను. పైసా ఖర్చు లేని గేమ్ అని ఊరంతా చెప్పినవాణ్ణి నేనే.

పాటలు కూడా అందరికీ ఎక్కుతాయని చెప్పను. ఎక్కువగా హోరెత్తే ఎలక్ట్రానిక్ సంగీతం. నాన్నకి నచ్చలేదు, “ఊపిరి పీల్చుకునే సందు లేదురా ఇందులో” అన్నాడు. ఫోన్‌లో చోటు కూడా బాగానే తింటుంది. నాకు రోజూ మెట్రోలో అరగంట దొరుకుతుంది, పైగా చిన్నప్పటి నుంచీ ఇంట్లో తాళాల మోత అలవాటు, అందుకని అతుక్కుపోయానేమో. మీరు వైర్‌లెస్ తప్ప వాడనంటే మాత్రం, ఎక్కించిన రోజే ముందు డిలే సరిచూసుకుని, ఆ తర్వాత పాట పెట్టండి.