మద్రాసు డిసెంబరు, సభ కాంటీన్, నెయ్యి: వీగన్‌గా చాలా ఏళ్లు తిరిగాక నా సమీక్ష

డిసెంబరులో చెన్నైలో కర్ణాటక సంగీత కచేరీలు జరిగే మార్గళి సీజన్ సంగతులేంటి, ఆ కచేరీలు పెట్టే సంగీత సభల్లో ఏది ఎక్కడుంది, టికెట్లు ఎలా కొనాలి ఇవన్నీ ఇక్కడ రాయట్లేదు, అవి తెలిసినవాళ్లకి తెలుసు, తెలియనివాళ్లకి డిసెంబరు మొదట్లోనే షెడ్యూళ్లు చేతికొస్తాయి. నేను రాసేది ఒక్క సభ కాంటీన్ గురించి. చెన్నైలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను మామూలు వెజిటేరియన్ని, ఊరు వదిలాక పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసి వీగన్ అయ్యాను, అయినా వీలు కుదిరిన ప్రతి డిసెంబరూ వెళ్తూనే ఉన్నా. పాట కోసం, తిండి కోసం, స్నేహితుల కోసం మూడింటికీ కలిపి వెళ్లే ఊరు నాకు అదొక్కటే, ఆ మూడూ ఒకేచోట దొరికేది మాత్రం కాంటీన్లోనే.

స్నేహితుల సంగతి ముందు చెప్పేస్తా. ఒకప్పుడు అందరం మైలాపూర్ చుట్టుపక్కలే ఉండేవాళ్లం, ఇప్పుడు ఒకడు ఎక్కడో దూరాన శిరుసేరి, ఒకావిడ తాంబరం అవతల, ఇంకొకాయనకి ఇద్దరు చిన్నపిల్లలు. పైగా మెట్రో రెండో దశ పనులతో మైలాపూర్‌లో లజ్ కార్నర్ చుట్టూ రోడ్లు ఎటు మళ్లిస్తారో ఆటో వాళ్లకే అర్థం కాదు. ఇంటికి రండి అంటే ఎవరికీ కుదరదు. అదే "ఒంటిగంటకి కాంటీన్లో ఆకు మీద భోంచేద్దాం" అంటే ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వస్తారు. బయట కుర్చీల్లో టోకెన్ కోసం కూర్చుని మాట్లాడుకునే ఆ ముప్పావుగంటే మాకు ఏడాది మొత్తానికి సరిపడే కబుర్లు, ఫోన్లో ఎంత మాట్లాడినా అది రాదు.

ఇక తిండి. వీగన్‌కి మన దేశంలో చెన్నై అంత హాయి ఊరు లేదని నేను చాలామందికి చెప్పాను. అది ఇప్పటికీ నిజమే, టిఫిన్ వరకు. ఇడ్లీ, నువ్వుల నూనెలో కలిపిన కారప్పొడి, కొబ్బరిపాలతో ఆపం, ఇడియాప్పం, అరటిపువ్వు వడ, బీచ్‌లో మామిడికాయ కొబ్బరి వేసిన బఠాణీ సుండల్, సాయంత్రం పూట పాలు లేని సుక్కు (శొంఠి) కాఫీ, ఏదీ ప్రత్యేకంగా చేయించుకోనక్కర్లేదు. ఫిల్టర్ కాఫీ వదులుకోవడం కష్టమే, ఆళ్వార్‌పేట వైపు కేఫుల్లో ఇప్పుడు ఓట్ మిల్క్ పోసి ఇస్తున్నారు కానీ నాకు ఆ తృప్తి కలగలేదు. అసలు గొడవ నెయ్యితో. ఈమధ్య ఎక్కడ చూసినా నెయ్యి దోసె, నెయ్యి పొడి ఇడ్లీ, అడగకపోయినా పైన ఒక గరిటె పోసి తెస్తున్నారు, పోశాక తీసేది కాదు కదా. టిఫిన్ సెంటర్లో ముందే చెప్తే వింటారు, ఒకరికి చేసే దోసె కాబట్టి సరిపోతుంది. ఆకు మీద భోజనం అలా కాదు, అది వందలమందికి ఒకేసారి వండిన వంట, వడ్డన ఒక వరసలో వచ్చేస్తుంది, అన్నం పెట్టిన మరుక్షణం పప్పు, పప్పు పడీపడకముందే నెయ్యి.

వీగన్ అయ్యాక మొదటిసారి ఒక పెద్ద సభ కాంటీన్లో కూర్చున్నప్పుడు అదే జరిగింది. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "నెయ్ వేండాం" అన్నాను, నెయ్యి గిన్నె పట్టుకున్న కుర్రాడు నవ్వి కొంచెమే సార్ అని వేళ్ల సందులోంచి పోసి వెళ్లిపోయాడు. వాళ్లకి అది మర్యాద, నెయ్యి లేకుండా ముద్ద తినిపించి పంపడం వాళ్లకి మనసొప్పదు, అది నాకూ తెలుసు. అయినా చాలా బాధేసింది, ఆ అన్నం తినలేకపోయాను, పక్కనున్న స్నేహితుడు తన ఆకులోకి వేసుకున్నాడు.

మర్నాడు బంతిలో కూర్చోకముందే వడ్డన చూసుకునే పెద్దాయన దగ్గరికెళ్లి నా తమిళంలో చెప్పాను, పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి ఏవీ వద్దని. వీగన్ అనే మాట అక్కడ పనిచెయ్యదు, ప్యూర్ వెజ్ అనుకుంటారు, ఒక్కోటీ పేరుపెట్టి చెప్పాలి. ఆయన ఎందుకు అని అడగలేదు, వేళ్లు మడుస్తూ లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. సాంబారుకి నూనె పోపు, వత్తకుళంబు నువ్వుల నూనె, పొరియల్ కొబ్బరి నూనె, కూటు కొబ్బరి నూనె, అప్పడం సరే, అవియల్‌లో పెరుగు కలుస్తుంది, మజ్జిగతో చేసే మోర్‌కుళంబు సరేసరి, పచ్చడి అన్నది పెరుగుపచ్చడి. ఆఖర్న కాస్త ఆగి రసం అన్నాడు. రసానికి పోపు నేతిలో. నేను రసాన్ని అసలు అనుమానించనే లేదు, చింతపండు నీళ్లు, మిరియాలు, టమాటా, ఇందులో ఏముంటుందిలే అనుకునే పదార్థం అది. నా మొహం చూసి ఆయనకి ఏమనిపించిందో, రేపు వస్తారా అని అడిగాడు, వస్తానన్నాను.

ఆ మర్నాడు నన్ను వరస చివరి ఆకు దగ్గర కూర్చోబెట్టి, నెయ్యి కుర్రాడికి ఆ ఆకు వైపు పోవద్దని చెప్పి, రసం వంతు వచ్చేసరికి తనే ఒక స్టీలు టంబ్లర్ పట్టుకొచ్చాడు. పోపు వెయ్యకముందే వంటవాళ్ల దగ్గర తీయించి పక్కన పెట్టించిన రసం! ఆవాల చిటపట లేదు, ఇంగువ వాసన తక్కువే, కానీ మిరియం ఘాటు, పులుపు, కొత్తిమీర దేనికది విడిగా తెలిసింది. నేను తాగిన రసాల్లో అంత బాగున్నది లేదని గట్టిగా చెప్తాను. మా వాళ్లు కూడా అడిగి తలో గుక్క తాగారు. పాయసం దగ్గర మాత్రం ఆయన కూడా చేతులెత్తేశాడు, ఆరోజు అది కొబ్బరిపాలు బెల్లంతో చేసిందే అయినా జీడిపప్పు నేతిలో వేయించి కలిపేశారట. పర్లేదు అన్నాను. ఆ తర్వాత నాలుగైదు సీజన్ల పాటు నన్ను గేటు దగ్గర చూడగానే లోపలికి కబురు చేసేవాడు.

ఇంకో లాభం కూడా ఉంది. అందరూ పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి నాకు భోజనం అయిపోతుంది, లేచి చెయ్యి కడుక్కుని హాల్లోకి వెళ్తే మధ్యాహ్నం కచేరీలో మొదట పాడే వర్ణం మొదలవుతూ ఉంటుంది. సాయంత్రం పెద్దవాళ్ల కచేరీలకి టికెట్ కోసం అందరూ పడే పాట్లు తెలిసినవే, 1928 నుంచి నడుస్తున్న మ్యూజిక్ అకాడమీలో అయితే మరీనూ. చాలా సభల్లో పగటి కచేరీకి టికెట్టే ఉండదు, కుర్రగాయకులు పాడతారు, సగం సీట్లు ఖాళీ, రెండో వరసలో కూర్చుంటే గాయని ఫిడేలు వైపు చూసి నవ్వడం కూడా కనిపిస్తుంది. అలాంటి ఒక మధ్యాహ్నం ఒక చిన్నమ్మాయి పాడిన తోడి రాగం విని నేను ఆ సాయంత్రానికి కొన్న టికెట్ స్నేహితురాలికి ఇచ్చేశాను, ఆరోజుకి ఇంకేమీ వినాలనిపించలేదు. పాడేవాటిలో చాలా మన తెలుగు కీర్తనలే కాబట్టి కాంటీన్లో మా తమిళ స్నేహితులకి సాహిత్యం విడమర్చి చెప్పే పని నాది, అది నాకు మహా ఇష్టం.

ఇంత పొగిడాను కదా, ఒకటి చెప్పాలి. మెయిన్ కీర్తన అయిపోయి తని ఆవర్తనం, అంటే మృదంగం, ఘటం వాళ్లు మాత్రమే వాయించే భాగం, మొదలయ్యే సమయానికి జనం లేచి వెళ్లిపోతారు, చాలామంది వెళ్లేది ఈ కాంటీన్‌కే. మృదంగం కుర్రాడు ఏడాదంతా సాధన చేసుకొచ్చిన లెక్కలు వెళ్లిపోతున్న వీపులకి వాయించాలి. నేను అంత ప్రేమించే కాంటీన్ వల్లే హాలు ఖాళీ అవుతోందంటే కష్టంగా ఉంటుంది. దయచేసి లేవకండి, కాంటీన్లో అడై (పప్పుల అట్టు) ఎక్కడికీ పోదు, ఇంకో పది నిమిషాలాగితే ఘటం, మృదంగం కలిసి ముక్తాయింపుకి వస్తాయి.

ఈ డిసెంబరు వెళ్తే ఆ కాంటీన్ కాంట్రాక్టు వేరేవాళ్లకి పోయింది. పెద్దాయన లేడు, ఎక్కడున్నాడో అక్కడెవరికీ తెలియదు. కొత్తవాళ్ల వంట బాగుందని మా వాళ్లంతా అన్నారు, మెనూ కూడా పెద్దది, వడ్డన ఇంకా వేగం. నేను అడిగితే అన్నీ ఓకే సార్ అన్నారు, దేనిలో ఏముందో విడివిడిగా చెప్పేవాళ్లు లేరు. అందుకని ఈసారి ఆకు దగ్గర కూర్చోలేదు, టిఫిన్ వైపే ఉండిపోయాను, సేవై (బియ్యప్పిండి సేమియా), అరటిపువ్వు వడ, మళ్లీ సేవై. స్నేహితులు భోజనం చేస్తుంటే పక్కన నిలబడి మాట్లాడటం ఏదోలా ఉంది, కబుర్లు కూడా తొందరగా ముగిశాయి. దానికి బదులు ఒక పొద్దున మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీదున్న పార్కులో కలిసి నడిచి తర్వాత ఇడ్లీ తిన్నాం, అది బాగుంది, కానీ శిరుసేరి వాడు అంత పొద్దున్న రాలేకపోయాడు.

కాబట్టి వీగన్‌గా డిసెంబరులో చెన్నై వెళ్లొచ్చా అంటే, నాకైతే ఇప్పటికీ అదే మొదటి ఊరు. నాకు తమిళం మాట్లాడటం వచ్చు, దిగడానికి స్నేహితుల ఇల్లుంది, ఒకే పెనం మీద నెయ్యి దోసె వేసి తర్వాత నాది వేసినా పట్టించుకోను, అవన్నీ కలిసొస్తేనే ఈ మాట. అంత పట్టింపు ఉన్నవాళ్లకి, భాష రానివాళ్లకి ఆకు భోజనం నేను చెప్పను, టిఫిన్లూ పగటి కచేరీలూ చాలు, వాటికే ప్రయాణం గిట్టుబాటు అవుతుంది. తిండి ఒక్కటే కావాలంటే డిసెంబరు అక్కర్లేదు, ఆ నెలలో మైలాపూర్ దగ్గర గదులు దొరకడమే కష్టం. నేను మాత్రం వచ్చే సీజన్‌కి ఏ సభ కాంటీన్ ఎవరు తీసుకున్నారో ముందు కనుక్కోమని మా వాళ్లకి చెప్పి ఉంచాను, పెద్దాయన ఏ వంటబృందంతో ఉన్నాడో తెలిస్తే ఆ సభ షెడ్యూలే చూసుకుని రైలు టికెట్ బుక్ చేస్తా.