కొత్త పటమా, పాత పటమా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి తెలుగు ఇళ్లలో పటచిత్రం, అంటే గుడ్డ మీద వేసే ఒడిశా సంప్రదాయ చిత్రం, కొనాలనుకున్నప్పుడల్లా ఈ సందేహం వస్తుంది. చిత్రకారుడి దగ్గర కొత్తది కొనాలా, వ్యాపారి దగ్గర పాతదా?

ధర: కొత్తదానికి కొలత, గీతల సన్నదనం, పట్టిన రోజులను బట్టి కడతారు. పాతదానికి వయసు కూడా కలుపుతారు. ఆ వయసుకు కాగితం ఆధారం చూపకపోతే అదనంగా ఒక్క రూపాయి ఇవ్వకండి.

శ్రమ: కొత్తదానికి పూరీ దగ్గరి రఘురాజ్‌పూర్ వెళ్తే చాలు, గీసే చేతినే చూడవచ్చు. పాతదానికి ఓపిక కావాలి.

నకలు భయం: అసలు చిక్కు ఇక్కడే. భూతద్దంలో సన్నని చుక్కలు వరుసగా కనిపిస్తే అది అచ్చు బొమ్మ. సంప్రదాయ పటంలో గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పూత ఉంటాయి. తెలుపు శంఖం నుంచి, నలుపు దీపపు మసి నుంచి, ఎరుపు ఇంగిలీకం అనే ఖనిజం నుంచి వస్తాయి. పోస్టర్ రంగులతో వేయడం తప్పు కాదు, కానీ దానికి సహజ రంగుల ధర అడగడం అన్యాయం. పాతదనిపించడానికి మరక పట్టించిన పటంలో ఆ మరక అంతటా ఒకేలా పరచుకుంటుంది. నిజమైన పాతపటం మడతల దగ్గర, అంచుల్లో ఎక్కువగా అరుగుతుంది.

చట్టం: కొత్తదానికి బెంగ లేదు. నూరేళ్లు దాటిన చిత్రం 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం కింద పురావస్తువు. దాన్ని నమోదు చేయించాలి, అమ్మేవారికి లైసెన్సు ఉండాలి. విదేశంలోని పిల్లలకు పంపే వీలు లేదు.

మొదటిసారి కొనేవారు, కానుక ఇవ్వాలనుకునేవారు నిస్సందేహంగా కొత్తదే తీసుకోండి. ఆ డబ్బు నేరుగా చిత్రకారుడి ఇంటికి చేరుతుంది. ఎవరి ఇంటి నుంచి వచ్చిందో రాతపూర్వకంగా తెలిసి, తేమ తగలకుండా దాచగలిగితేనే పాతది.