రోజుకో గడ్డిచుట్ట, దానికో తోకబండి

మాకు మూడు పాడిగేదెలు. పచ్చగడ్డి, దాణా కాకుండా ఒక్కోదానికి రోజుకు 5-6 కిలోల ఎండుగడ్డి పడుతుంది. మా పొలంలో బేలర్ కట్టే వరిగడ్డి చుట్ట 18 నుంచి 20 కిలోలు తూగుతుంది. అంటే రోజుకో చుట్ట. తిప్పలల్లా గడ్డి కళ్లంలో ఉంటుంది, గేదెలు ఊరి పక్క శాలలో ఉంటాయి. మధ్యలో అర కిలోమీటరు చెరువుగట్టు, ట్రాక్టరు పట్టదు. నడుం డిస్కు జారింది, బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాక, 2022 జనవరిలో నూర్పులవగానే ఎక్సెల్ మోపెడ్ వెనక తగిలించే చిన్న ట్రైలరు చేయించాను. పద్మనాభం మండలంలో మా చుట్టుపక్కల దాన్ని తోకబండి అంటున్నారు. మొదటిరోజే పక్కింటతను "ఏటి మావా, ఇది బండేటి, మంచమేటి?" అన్నాడు. అప్పటికి అతని మాటే నిజం.

మొదట పాత మోపెడ్ చక్రాలు రెండు వేశాను. అది నా తెలివితక్కువ. ఆ చక్రం ఇరుసును రెండు పక్కలా పట్టుకోవాలి. నేను ఒక పక్కే బిగించాను. రెండు నెలలకే ఇరుసులు వంగి, చక్రాలు పైన లోపలికి వాలి, అప్పుడే పుట్టిన దూడ కాళ్లలా తయారయ్యాయి. తర్వాత గాజువాక ఆటోనగర్‌కు పోయి, పాత సామాన్ల కొట్లో ప్యాసింజర్ ఆటో చక్రాలు హబ్బులతో సహా తెచ్చాను. టైరు సైజు 4.00-8. ఆ హబ్బు ఒక పక్క పట్టుకే చేసింది, మనిషిని మోసే బండిది, మన 20 కిలోలు దానికో లెక్క కాదు. ఇప్పటిదాకా గ్రీజు తప్ప ఖర్చు లేదు.

అసలు సంగతి చక్రాలది కాదు. గడ్డి లాగడం ఎప్పుడూ కష్టం కాదు, ఎక్కించడమే కష్టం. నా మొదటి బండి అడుగు రెండడుగుల ఎత్తున ఉండేది, చుట్టను పొడుగ్గా పెట్టాలి. గట్టు మీద ఇరుకు లేకుండా పోతుందని మురిసిపోయాను. మా ఆవిడ నాలుగు రోజులు ఎత్తి, "మీ బండికి గడ్డి ఎక్కించడానికి ఇంకో మనిషిని పెట్టండి" అంది. దాంతో మొత్తం కోయించాను. ఇప్పుడు అడ్డంగా ఇరుసు లేదు. చక్రానికో పొట్టి ఇరుసు, మధ్యలో అడుగు నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. మోపెడ్ నుంచి విప్పితే తోక నేలకానుతుంది. చుట్టను అడ్డంగా కాలితో దొర్లించి, కాడిని, అంటే మోపెడ్‌కు తగిలించే ముందు కడ్డీని, కిందికి నొక్కితే చాలు, నడుం వంచే పని లేదు. వెనక ఒక అడ్డకడ్డీ పెట్టాలి, లేకపోతే ఎలా ఎక్కిందో అలాగే దిగిపోతుంది. బండి వెడల్పు నాలుగడుగులైంది, బాట ఐదడుగులు. పక్కకో అరడుగు. అలవాటయ్యేదాకా గుండెలు పీచుపీచుమన్నాయి.

చుట్ట ఇరుసుకు బెత్తెడు ముందుకు కూర్చోవాలి. వెనక్కి జరిగితే కాడి పైకి లేచి మోపెడ్ తోకను ఎత్తుతుంది, బండి పాములా ఊగుతుంది. నేను అడుగున ఒక పట్టీ వెల్డింగు పెట్టించాను, దానికి ఆనేదాకా దొర్లిస్తాను.

కొక్కెం దగ్గర కూడా దెబ్బతిన్నాను. బోల్టు పెట్టి బిగిస్తే ఎడమాకుడీ తిరిగేది, అంతే. మలుపులో మోపెడ్ వాలుతుంది, రెండు చక్రాల బండి వాలదు. ఒక చక్రం గోతిలో పడ్డప్పుడల్లా మోపెడ్‌ను మెలితిప్పేది, ఒకసారి చెరువులోకి దిగబోయాను. పాత వ్యాను స్టీరింగు టైరాడ్ ఎండ్ (గిన్నెలో గుండులా తిరిగే కీలు) ఒకటి పెట్టించాక అన్ని వైపులా కదులుతోంది. దాన్ని సీటు వెనక క్యారేజీకి తగిలించొద్దు, ముందుచక్రం తేలిపోతుంది. వెనకచక్రం ఇరుసు ఎత్తులోనే ఉండాలి. కొక్కెం ఊడినా బండి విడిపోకుండా జతగా ఒక గొలుసు.

వెల్డింగు షాపతను పైపు చివరలు మూయలేదు. భీమిలి గాలి మా దాకా ఉప్పు మోసుకొస్తుందో లేదో గానీ, రెండు వానాకాలాల్లో లోపల నీళ్లు నిలిచి అడుగుపైపు తుప్పుపట్టి చిల్లులు పడింది. కొత్తది వేయించి, చివరలు మూయించి, కింద చిన్న రంధ్రం వేయించాను. తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు ఏటా నేనే కొడతాను. కోతలు, మార్పులతో కలిపి మొత్తం 9,000 దాకా అయింది. మొదటిసారే సరిగా చేసుంటే 6,000తో పోయేది.

బ్రేకు లేదు. గట్టు దిగే చోట వెనకనుంచి తోస్తుంది, నడక వేగంతో దిగాలి. వానకు తడిసిన చుట్ట బరువెక్కుతుంది, అప్పుడు మోపెడ్ వదిలేసి చేత్తోనే లాగుతాను. అయినా తడిసినదాన్ని ఆరబెట్టకుండా గేదెలకు వేయను, బూజుపట్టిన గడ్డి పనికిరాదు. తారురోడ్డు ఎక్కించను. రిజిస్ట్రేషనూ వెనక లైటూ లేని బండి అది.

మొన్న నాలుగో గేదె వచ్చింది, చుట్ట చాలడం లేదు. వెల్డింగతను రెండు చుట్టలు పట్టేలా పొడిగిస్తానంటున్నాడు. వద్దన్నాను. సాయంత్రం రెండో ట్రిప్పు వేస్తున్నాను.