సెయింట్ లూయిస్‌కి కొత్తగా వచ్చారా? ఆర్చ్ ముందా, ఫారెస్ట్ పార్క్ ముందా?

ఇక్కడ దిగినవాళ్ళు చాలామంది ఫస్ట్ వీకెండే గేట్‌వే ఆర్చ్‌కి పరిగెడతారు, తప్పేం లేదు, 630 అడుగుల స్టీల్ కమాను, 1965లో పూర్తయింది, మిస్సిస్సిప్పి ఒడ్డున నిలబడి తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. పైకెళ్ళే ట్రామ్‌కి టికెట్ కొనాలి, కింద మ్యూజియం ఫ్రీ. ట్రామ్ అంటే పెద్దదేం కాదు, చిన్న డబ్బాలో ఐదుగురు మోకాళ్ళు తగిలేలా కూర్చోవాలి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇరుకంటే భయం ఉంటే ముందే చెప్పండి.

నన్నడిగితే మాత్రం ఫారెస్ట్ పార్కే ముందు. దాదాపు 1300 ఎకరాలు, న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కంటే పెద్దది, 1904 వరల్డ్ ఫెయిర్ జరిగింది ఇక్కడే. జూ, ఆర్ట్ మ్యూజియం, హిస్టరీ మ్యూజియం అన్నిటికీ ఎంట్రీ ఫ్రీ, ఎందుకంటే ఇక్కడివాళ్ళు కట్టే ప్రాపర్టీ ట్యాక్స్‌లో కొంత వీటికే వెళ్తుంది, అంటే కొత్తగా వచ్చిన స్టూడెంట్‌కి జేబులో ఏమీ లేకపోయినా రోజంతా గడిచిపోతుంది, కారు లేదా, మెట్రోలింక్ ట్రైన్‌లో వచ్చేయొచ్చు. మంచు పడితే ఆర్ట్ హిల్ మీద పిల్లలు స్లెడ్లేసుకుని జారుతుంటారు, ఒక్కసారైనా చూడాలి.

ఆర్చ్ పైకి ఒకసారి ఎక్కితే చాలు, చుట్టాలొచ్చినప్పుడు మళ్ళీ ఎలాగూ ఎక్కుతారు. పార్క్‌కి వారం వారం వెళ్ళొచ్చు. సమ్మర్‌లో అక్కడ మ్యూజికల్ నాటకాలు వేసే మ్యూనీ అనే ఓపెన్ థియేటర్‌లో వెనక వరసల్లో దాదాపు 1500 సీట్లు ఫ్రీ, కాస్త ముందే వెళ్ళి లైన్లో నిలబడండి.