పాత కలప అడితిలో కొన్న తలుపు రెక్క, మా నాన్నగారి పక్కబల్లలు

మా నాన్నగారి పడక్కుర్చీకి అటూ ఇటూ రెండు చిన్న బల్లలు కావలసి వచ్చాయి. ఒకదాని మీద మందులు, నీళ్ళ చెంబు. రెండోదాని మీద కళ్ళజోడు, రేడియో, వార్తాపత్రిక. దుకాణాల్లో చూసినవన్నీ పొట్టుచెక్క మీద కాగితం అంటించిన సరుకు. చెంబు అడుగున తడి తగిలితే ఏడాదిలో ఉబ్బిపోతాయి. పైగా కుర్చీ చెయ్యి నేలకు 24 అంగుళాల ఎత్తున ఉంటే ఆ బల్లలు 18 అంగుళాలే ఉన్నాయి. వణికే చేతితో కిందికి వంగి గ్లాసు అందుకోవడం ఆయనకు కష్టం. ఇంట్లోనే చేద్దామని నిశ్చయించుకుని రాజమహేంద్రవరంలో ఒక పాత కలప అడితికి వెళ్ళాను. ఈ సమీక్ష ఆ అడితి గురించే. దానికి బోర్డు లేదు. గోదావరి గట్టు దారికి రెండు వీధుల లోపల, రేకుల షెడ్డు ముందు ద్వారబంధాలు గోడకు ఆనించి ఉంటాయి.

కూల్చిన ఇళ్ళ కలప అక్కడికి వస్తుంది. కోనసీమ మండువా లోగిళ్ళ స్తంభాలు, దూలాలు, వాసాలు, కిటికీ రెక్కలు, గడపలు ఉంటాయి. గడపల మీద పసుపు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఒకప్పుడు భద్రాచలం అడవుల కలపను తెప్పలుగా కట్టి గోదావరి మీద దించేవారని నాన్నగారు చెబుతూ ఉండేవారు. ఆ దుంగల్లో ఏదో ఒకటి ఇక్కడ వాసమై ఉండవచ్చని అనుకుంటే చెయ్యి దానంతటదే నిమురుతుంది.

యజమాని అరవై దాటిన మనిషి. నేను టేకు అడగగానే వాసం కొసను రంపంతో రెండంగుళాలు కోసి చూపించారు. లోపల తేనెరంగులో చేవ, అంచున తెల్లటి పొర. “ఈ తెల్లదాన్ని చెదలు తింటాయమ్మా, చేవ జోలికి అంత తొందరగా రావు. తెల్లది చెక్కేయించుకోండి” అన్నారు. నేను ముచ్చటపడిన మరో వాసాన్ని ఆయనే పక్కన పెట్టించారు. బయటికి బాగుంది గాని సుత్తితో తడితే బోలు శబ్దం వచ్చింది. అమ్మకానికి పెట్టిన సరుకులో లోపాన్ని ముందుగా చెప్పడం నన్ను ఆకట్టుకుంది.

కొలతల దగ్గర మాత్రం పేచీ వచ్చింది. వాసాలు ఒక కొస లావుగా, మరో కొస సన్నగా ఉంటాయి. ఏడడుగుల వాసాలు రెండింటిని లావు కొసన కొలిచి మూడున్నర, నాలుగున్నర అంగుళాలుగా లెక్క కట్టారు. ఘనపుటడుగు 2,400 చొప్పున 3,675 రూపాయలు అయింది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఊరుకోలేకపోయాను. నడిమధ్యన కొలవమన్నాను. మూడు, నాలుగు అంగుళాలు వచ్చాయి. అప్పుడు రెండు వాసాలూ కలిపి 1.17 ఘనపుటడుగులు, 2,800 రూపాయలు. ఆయన గొడవ పెట్టుకోకుండా ఒప్పుకున్నారు. కానీ నేను అడగకపోతే 875 రూపాయలు పోయేవే. వెళ్ళేవాళ్ళు టేపు వెంట తీసుకెళ్ళండి, మధ్యలో కొలిపించండి.

బల్ల పైభాగానికి పాత తలుపు రెక్క ఒకటి 1,500కు తీసుకున్నాను. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మూడు నిలువు పలకలు. దాని మీద నీలం రంగు పొరలు పొరలుగా ఉంది. ఇక్కడ అడితివారు చెప్పని సంగతి ఒకటి ఉంది, దాన్ని నేను వదలలేను. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసాన్ని 90 పి.పి.ఎం.కు, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలకు, పరిమితం చేసిన నిబంధన అమల్లోకి వచ్చింది 2017లోనే. అంతకు ముందు వేసిన రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి, చిన్నపిల్లల నోళ్ళలోకి పోతుంది. నేను పెరట్లో పాత టార్పాలిన్ పరిచి, రంగును నీళ్ళతో తడుపుతూ రేకుతో గోకాను. ముక్కుకు మాస్కు కట్టుకున్నాను. మనవరాలిని రెండు రోజులు మా చెల్లెలి ఇంట్లో ఉంచాను. గోకిన రంగును సంచిలో మూటకట్టి పారేశాను. రంగు వేసిన తలుపు కొనేవారికి అడితివారు ఈ ఒక్క మాట చెబితే ఎంతో మేలు.

రెండో లోటు మేకులు. “అన్నీ తీసేశాం” అన్నారు. రంపం మిల్లులో వాసం పెట్టగానే లోపల విరిగిన మేకు తగిలి రంపపు పన్ను ఊడింది. మిల్లు వాళ్ళు మంచివాళ్ళు, 600 మాత్రమే తీసుకున్నారు. ఇంటికి వచ్చాక తలుపు పలకల మీద అయస్కాంతం జరిపితే ఇంకా నాలుగు దొరికాయి. మిల్లుకు వెళ్ళకముందే చేయవలసిన పని అది.

మరో జాగ్రత్త: సరుకులో సగం ఆరుబయట వానకు తడుస్తూ ఉంటుంది. షెడ్డు లోపలిదే అడగండి. నేను షెడ్డు లోపలిదే తెచ్చినా రెండు వారాలు హాల్లో, కింద కర్రముక్కలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి ఉంచాను. పాత కలప అయినా వానకాలంలో తేమ పీల్చుకుంటుంది, ఎండాకాలంలో వదులుతుంది. అందుకే బల్ల పైభాగాన్ని చట్రానికి జిగురుతో అంటించలేదు. చట్రంలో పొడుగు బెజ్జాలు తొలిచి, వాటిలోంచి మరలు బిగించాను. పలకలు అడ్డంగా కాస్త పెరిగినా తరిగినా మర జరుగుతుంది, చెక్క పగలదు.

కాళ్ళ పని గురించి చెప్పకుండా ఉండలేను. ఒకటిముప్పావు అంగుళాల చదరపు కాళ్ళు ఎనిమిది, వాటిని కలిపే అడ్డకర్రలు ఎనిమిది. అడ్డకర్ర కొసను నాలుకలా చెక్కి కాలిలో తొలిచిన బెజ్జంలో దించాలి, అంటే పదహారు అతుకులు. మొదటిది మా వీధి వడ్రంగి దగ్గరుండి చేయించారు. ఉలి మీద సుత్తి దెబ్బ ఎంత మెల్లగా పడితే బెజ్జం అంచు అంత శుభ్రంగా వస్తుందని ఆయన చేతిని చూస్తేనే తెలిసింది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అందుకని అతికే ముందు థిన్నర్‌తో తుడిచి, ఆరగానే జిగురు రాసి, తాడు మెలేసి బిగించి ఒక రాత్రంతా వదిలేశాను. పదహారో అతుకు చేత్తో తోస్తే బిర్రుగా దిగి నిలిచింది. ఆ సాయంత్రం ఎంత సంతోషించానో!

చిత్రిక ఎక్కువ పట్టలేదు. 80, 120, 220 నంబర్ల గరుకు కాగితాలతో నునుపు చేసి, రంపపు గీతలు కొన్ని, మేకుల నల్లటి మచ్చలు అలాగే ఉంచాను. పైన హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మరిగించిన అవిసె నూనె మూడు పూతలు. నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడేయకండి. అవి ఆరుతూ వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. నేను నీళ్ళ బకెట్లో ముంచి, తర్వాత ఎండలో విడివిడిగా పరిచాను.

మొత్తం ఖర్చు 6,100. వాసాలు, తలుపు, మిల్లు పోను జిగురు, నూనె, కాగితాలకు 900, ఆటోకు 300. ఇంత గట్టి టేకు బల్లలు ఈ డబ్బుకు నాకు ఎక్కడా దొరకలేదు. ఆ అడితికి అయిదింట నాలుగు మార్కులు ఇస్తాను. కొలత, మేకులు సరిచేసుకుంటే ఆ మిగిలిన ఒకటీ ఇస్తాను.

మొన్న బల్లల ఫోటో చూపించడానికి వెళ్ళాను. యజమాని కళ్ళజోడు తెప్పించుకుని మరీ చూసి, “గొళ్ళెం బెజ్జం పూడ్చలేదేమమ్మా?” అని అడిగారు. నాన్నగారే వద్దన్నారని చెప్పాను. రాత్రి దీపం ఆర్పాక ఆయన వేలితో తడిమి ఆ బెజ్జాన్ని పట్టుకుంటారు. దాని పక్కనే కళ్ళజోడు ఉంటుంది.